నల్ల కారు మీద బఫర్ గీతలు పోవాలంటే

అన్నా, బఫర్‌కి (తిరిగే పాలిష్ మెషీన్‌కి) ఊలు ప్యాడ్ పెట్టి కాంపౌండ్ (గీతల్ని అరగదీసే గరుకు పేస్ట్) కొట్టాక ఎండలో బానెట్ నిండా చుట్టు గీతలు కనిపిస్తున్నాయని, మళ్లీ కొడితే ఇంకా పెరిగాయని రాశావు కదా, టెన్షన్ పడకు. వాటిని హోలోగ్రామ్‌లు అంటారు, నల్ల రంగు మీద ఊలు ప్యాడ్‌తోనే ఆపేస్తే దాదాపు అందరికీ వస్తాయి.

మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ (కాంపౌండ్ కన్నా నున్నటి పేస్ట్) తీసుకో. ముందు 600 ఆర్‌పీఎంలో (నిమిషానికి 600 చుట్లు) పాలిష్ పరిచి, తర్వాత 1200 దాకా పెంచి, ఒకసారికి రెండడుగుల మేర మాత్రమే, మెషీన్ బరువు తప్ప నీ చేతి బలం పెట్టకుండా నెమ్మదిగా పోనివ్వు. ప్యాడ్ మొత్తం ఆనాలి, ఒక పక్కకి వాలితే అక్కడే గీత.

అంచులకి మాస్కింగ్ టేప్ తప్పనిసరి. క్లియర్ కోటు (రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర) మామూలుగా 40-50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉంటుంది, బానెట్ మడతల మీద ఇంకా పలచన, రెండు సెకన్లు ఆగినా కాలిపోవచ్చు. నేనైతే తుక్కు షాపులో పాత బానెట్ కొని నెల రోజులు దాని మీదే నేర్చుకున్నాను, నువ్వూ అదే చెయ్యి.

మన హైదరాబాద్ ఎండలో మాత్రం వద్దు, నీడలో రేకు చల్లబడ్డాకే మొదలుపెట్టు. అయ్యాక నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఫోన్ టార్చ్ వేసి చూడు, పాలిష్‌లోని నూనె గీతల్ని దాచేస్తుంది.