కీ కుదిరింది సరే, ఎవరితో కుదిరినట్టు?

చి. హారికకు, పెదనాన్న ఆశీస్సులు.

పేమెంట్ మెషిన్, సర్వర్ తమలో తాము ఒక రహస్య కీ కుదుర్చుకునే పద్ధతి గురించి మొన్న బెంగళూరు మారతహళ్ళిలో నువ్విచ్చిన డిజైన్ చదివాను. శ్రద్ధగా రాశావు తల్లీ. కానీ ఆ మూడో మెసేజ్‌ని మాత్రం అలాగే వదలకు.

పేమెంట్ మెషిన్ తన డిఫీ-హెల్మన్ విలువ (ఇద్దరూ ఇలాంటివి బాహాటంగా మార్చుకుని, తమకే తెలిసే ఒక కీ తయారుచేసుకుంటారు) పంపుతుంది. సర్వర్ తన విలువ పంపి, రెండింటి మీదా డిజిటల్ సంతకం చేస్తుంది. మెషిన్ కూడా ఆ రెండింటి మీదే సంతకం పెట్టి పంపుతుంది. ఇంతే కదా? మెషిన్ మడివాళ కిరాణా కొట్టుదనుకో. మీరే సర్టిఫికెట్ (ఈ సంతకం ఫలానా వాళ్ళదని చెప్పే పత్రం) ఇచ్చిన ఇంకో కొట్టువాడు దారిలో కాపు కాసి, మూడో మెసేజ్‌లో ఆ సంతకం తీసేసి తనది పెడతాడు. విలువలు అవే, సంతకం అసలైనదే, సర్వర్ ఒప్పేసుకుంటుంది. కీ వాడికి తెలియదు, ఒక్క అక్షరం చదవలేడు. అయినా ఎవరి లెక్కన్నది సెషన్‌ని బట్టే తేలుస్తున్నారు కాబట్టి, మడివాళ కొట్టు అమ్మకాలన్నీ వాడి ఖాతాలో పడతాయి. రహస్యం ఎక్కడా బయటపడదు, అందుకే మామూలు టెస్టింగ్‌లో ఇది దొరకదు. 1992లోనే డిఫీ, వాన్ ఊర్షాట్, వీనర్ ఈ దాడి గురించి రాశారు.

నన్నడిగితే, రెండువైపులా సర్టిఫికెట్లతో టీఎల్‌ఎస్ 1.3 (వెబ్‌సైట్లు వాడే భద్రతా ప్రోటోకాల్) పెట్టేయ్. అందులో సంతకం అప్పటిదాకా నడిచిన మెసేజ్‌లన్నిటి మీదా పడుతుంది, సర్టిఫికెట్లతో సహా. చిప్‌లో చోటు చాలదంటే 2003లో క్రాచిక్ చెప్పిన సిగ్మా పద్ధతి ఉంది: కుదిరిన రహస్యం నుంచి ఒక కీ విడిగా తీసి, దాంతో ఎవరి పేరుకు వాళ్ళు మ్యాక్ (ఆ కీ తెలిసినవాళ్ళే వేయగల ముద్ర) కట్టి సంతకంతో పాటు పంపాలి. సంతకం మార్చినవాడు ఆ మ్యాక్ కట్టలేడు. వీపీఎన్‌లలో కీలు కుదిర్చే ఐకేఈవీ2 నడిచేదీ ఈ దారిలోనే.

సంతకంలోకో మ్యాక్‌లోకో రెండువైపుల పేర్లు (ఐడీలు) కలిపేటప్పుడు ఒక్కోదాని పొడవు కూడా రాయి. లేకపోతే 12, 345 అన్నా 123, 45 అన్నా యంత్రానికి 12345 ఒక్కటే. అడిగేది ఎవరు, జవాబిచ్చేది ఎవరు అన్నదీ చేర్చు. ముందే పంచుకున్న ఒకే కీ ఇద్దరూ వాడుతుంటే, ఒకరి మెసేజ్ వాళ్ళకే తిప్పికొట్టి, అవతలివాళ్ళతో మాట్లాడుతున్నట్టు నమ్మించొచ్చు. టీఎల్‌ఎస్ 1.3లోనే ఆ కీల వాడకంలో ఇలాంటి దాడిని 2019లో చూపించారు.

రివ్యూకి ముందు ఒక టెస్ట్ రాయి: రెండు మెషిన్లు తీసుకుని, మొదటిదాని మూడో మెసేజ్‌లో, అవే విలువల మీద రెండోది చేసిన సంతకం, దాని సర్టిఫికెట్ పెట్టి పంపు. ఇప్పటి కోడ్ దాన్ని ఒప్పుకుంటుంది. ఆ లాగ్‌ని మీ మేనేజర్‌కి చూపించి, దిద్దడానికి టైమ్ అడుగు.