డాక్టర్ సలహా: అమ్మ పడుతున్నది రాత్రి, సాయం ఉన్నది పగలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 79 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఏడాదిన్నర క్రితం తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. అప్పటి నుంచి ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఒక కేర్‌టేకర్‌ను పెట్టాం. స్నానం, బట్టలు, మందులు, నడిపించడం అన్నీ ఆవిడే చూసుకుంటుంది. గత నెలలో అమ్మ రెండుసార్లు రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్తూ పడిపోయింది. పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. ఈమధ్య బాగా చిక్కిపోయినట్టు కూడా అనిపిస్తోంది. రాత్రిళ్లు నా భార్యే లేచి చూసుకుంటోంది, తనకీ నిద్ర ఉండటం లేదు. 24 గంటల మనిషిని పెట్టాలా, లేక వృద్ధాశ్రమం గురించి ఆలోచించాలా?

జవాబు: ఆ రెండింటిలో ఏదీ ఈ వారం తేల్చకండి. మీరు రాసిన దాన్నే ఒకసారి మళ్లీ చదవండి. సాయం చేసే మనిషి ఉండేది పగలు, అమ్మ పడుతున్నది రాత్రి. ఆపరేషన్ అయిన వారంలో చేసిన ఏర్పాటు అది, అప్పటికి సరైనదే. కానీ ఈ ఏడాదిన్నరలో అమ్మ మారింది, ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, కాబట్టి తప్పు చేశామని బాధపడకండి.

ముందుగా మూడు రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి. అమ్మ ఎన్ని గంటలకు ఏ పని చేసింది, తనంతట తానే చేసిందా, చెయ్యి పట్టుకుంటే చేసిందా, పూర్తిగా వేరేవాళ్లే చేశారా, అంతే. ముఖ్యంగా చూడాల్సినవి ఆరు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లి రావడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, అన్నం తినడం. 1963లో అమెరికాలో సిడ్నీ కాట్జ్ అనే డాక్టర్ బృందం ఈ ఆరింటితో ఒక కొలమానం తయారుచేసింది, ఇప్పటికీ మేం దాన్నే వాడుతున్నాం. రాత్రి పూట కూడా రాయండి, ఎన్నిసార్లు లేచింది, ఎన్ని గంటలకు లేచింది అని. పడిన రెండుసార్లూ టైమ్ ఎంతో గుర్తుంటే అదీ రాసి పెట్టుకోండి.

ఇది రాస్తుంటే మీకు రెండు రకాల విషయాలు బయటపడతాయి. కొన్ని చోట్ల సాయం చాలడం లేదు, అది మీకు తెలిసిందే. ఇంకొన్ని చోట్ల అవసరానికి మించి జరుగుతోంది, ఇది ఎవరూ పట్టించుకోరు. నేను ఒక పెద్దాయనను చూడటానికి ఇంటికి వెళ్లినప్పుడు కేర్‌టేకర్ గబగబా ఆయన చొక్కా గుండీలు పెట్టేస్తోంది. ఆగమని చెప్పి ఆయన్నే పెట్టుకోమన్నాను. వేళ్లు వణికాయి, రెండో గుండీ తప్పు రంధ్రంలోకి పోయింది, మళ్లీ తీసి పెట్టుకున్నాడు, నాలుగైదు నిమిషాలు పట్టింది, కానీ అన్నీ ఆయనే పెట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ కొడుకు, నాన్నకు ఇది చేతకాదనే అనుకున్నాం సార్ అన్నాడు. చేయగలిగిన పని రోజూ వేరేవాళ్లు చేసేస్తే కొన్నాళ్లకు నిజంగానే చేయలేకుండా పోతారు, ముఖ్యంగా కాళ్లలో కండ చాలా త్వరగా కరుగుతుంది. మీ అమ్మ కుర్చీలోంచి లేచే ప్రతిసారీ ఎవరో చంకల కింద చేతులు పెట్టి లేపుతున్నారా? అయితే రాత్రి ఎవరూ లేనప్పుడు లేవడానికి ఆ కాళ్లకు సత్తువ ఎక్కడిది?

ఇక పడిపోవడం గురించి. దీన్ని వయసు మీదికి తోసేయకండి. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. అమ్మ అయిదు నిమిషాలు పడుకున్నాక బీపీ చూడండి, తర్వాత లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి, పక్కన ఇంకొకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గిందంటే, లేచి నిలబడగానే బీపీ పడిపోతున్నట్టు. రాత్రి నిద్రలోంచి లేచి నడిచేటప్పుడు కళ్లు తిరిగేది చాలామందికి దీనివల్లే.

దీనికీ, చిక్కిపోవడానికీ సంబంధం ఉండొచ్చు. బరువు చూడండి, ఆపరేషన్ నాటి కాగితాల్లో అప్పటి బరువు ఉంటుంది, దాంతో పోల్చండి. డైటింగ్ లాంటిదేమీ లేకుండా 6 నుంచి 12 నెలల్లో 5 శాతం తగ్గడం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గడం, డాక్టర్‌కు తప్పక చెప్పాల్సిన విషయం. పళ్ల సెట్టు వదులవడం, మింగేటప్పుడు పొలమారడం, దిగులు, షుగర్ అదుపులో లేకపోవడం, థైరాయిడ్, ఇలా కారణాలు చాలా ఉంటాయి. ఇంకో సంగతి, మనిషి తగ్గి, తిండి తగ్గి, బీపీ, షుగర్ మాత్రలు మాత్రం పాత డోసులోనే నడుస్తుంటే, అప్పుడు సరిపోయిన డోసు ఇప్పుడు ఎక్కువైపోవచ్చు. బీపీ మరీ పడిపోతుంది, రాత్రి షుగర్ కూడా పడిపోవచ్చు. పడిన రాత్రి చెమటలు పట్టాయా, తడబడుతూ మాట్లాడిందా, మీ భార్యను అడగండి.

అందుకని ఇంట్లో ఉన్న మందులన్నీ, డబ్బాలో ఉన్నవీ, డ్రాయర్‌లో మూలన ఉన్నవీ, ఎవరో చెబితే కొన్నవీ ఒక సంచిలో వేసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చీటీ ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. ముఖ్యంగా అడగాల్సినవి రెండు. హాస్పిటల్లో ఉన్నప్పుడు మొదలుపెట్టిన నిద్రమాత్ర ఇంకా నడుస్తోందా? ఇది పడిపోవడానికి పెద్ద కారణం, కానీ మీరే ఒక్కసారిగా ఆపేయొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. రెండోది, మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్ర సాయంత్రం వేసుకుంటోందా? అయితే ఉదయానికి మార్చవచ్చేమో అడగండి. పగలు కాళ్లకు నీరు దిగుతుంటే, పడుకున్నాక ఆ నీరే రాత్రి మూత్రమై వస్తుంది, మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే కొంత తగ్గుతుంది. నీళ్లు తాగడం మానిపించకండి, రోజు మొత్తంలో తాగాల్సింది సాయంత్రంలోపే ఎక్కువ భాగం తాగేలా చూడండి.

గది సంగతి త్వరగా చెప్పేస్తాను. మంచం ఎత్తు, కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా ఉండాలి. బాత్‌రూమ్ దాకా దారిలో లైటు రాత్రంతా వెలగాలి, మ్యాట్ తీసేయండి, కమోడ్ పక్కన గోడకు గట్టి రాడ్ పెట్టించండి. బాత్‌రూమ్ దూరమైతే మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టొచ్చు. వాకర్ ఉంటే, అమ్మ చేతులు కిందికి వదిలి నిలబడినప్పుడు దాని పట్టు మణికట్టు దగ్గరికి రావాలి.

ఇప్పుడు కేర్‌టేకర్ గంటలు. నోట్‌బుక్ చూస్తే మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఆవిడకు పనే లేదని తేలవచ్చు. ఆ గంటలను రాత్రి పడుకునే వేళకో, తెల్లవారుజాముకో మార్చుకోవడానికి ఆవిడకు వీలవుతుందేమో అడగండి. ఇవన్నీ సరిచేశాక కూడా అమ్మ రాత్రి రెండు మూడుసార్లు ఒంటరిగా లేవలేని పరిస్థితిలోనే ఉంటే, లేక నిద్రలేచి ఎక్కడున్నానో తెలియక తిరుగుతుంటే, అప్పుడు రాత్రి మనిషి తప్పనిసరి. వృద్ధాశ్రమం మాట దాని తర్వాత, అదీ అమ్మతో కూర్చుని మాట్లాడాకే.

అవును, మీ ఉత్తరంలో అమ్మ ఏమంటోందో ఒక్క మాట లేదు. కేర్‌టేకర్ గదిలో లేనప్పుడు అడగండి, స్నానం ఎలా చేయిస్తున్నారు, ఏది నచ్చడం లేదు, దేనికి భయమేస్తోంది అని. చాలామంది పెద్దవాళ్లు పిల్లలకు భారమవుతామని నోరు మెదపరు. ఒంటి మీద ఎలా తగిలాయో ఎవరూ చెప్పలేని గాయాలు, కమిలిన మచ్చలు కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు.

మీ భార్య నిద్ర కూడా ఈ ఏర్పాటులో భాగమే. వారంలో కనీసం మూడు రాత్రులు మీరు లేవండి. నెలల తరబడి నిద్ర లేని మనిషి ఎంత ప్రేమ ఉన్నా విసుక్కుంటుంది, మందు మర్చిపోతుంది, చివరికి తనే మంచాన పడుతుంది.

ఇదంతా ఒకసారి చేసి వదిలేసేది కాదు. ప్రతి మూడు నెలలకు ఒక తేదీ పెట్టుకుని ఇలాగే చూసుకోండి. పడిపోయినా, హాస్పిటల్లో చేరి వచ్చినా, కొత్త మందు మొదలైనా, కేర్‌టేకర్ మారినా ఆ తేదీ దాకా ఆగొద్దు. ఒకటి రెండు రోజుల్లో అమ్మ ఒక్కసారిగా మతి తప్పినట్టు మాట్లాడినా, పగలంతా మత్తుగా ఉన్నా అది మతిమరుపు కాదు, ఇన్ఫెక్షనో, మందుల ప్రభావమో, ఒంట్లో నీరు తగ్గడమో అయి ఉండొచ్చు, అదే రోజు హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. పడినప్పుడు తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు కూడా వాడుతుంటే, పైకి బాగానే ఉన్నా వెంటనే తీసుకెళ్లాలి.

పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు చూసిన బీపీ అంకెలు, ఇప్పటి బరువు, మందుల పేర్లు నాకు రాసి పంపండి. మిగతాది అవి చూశాక చెబుతాను.