బెంగళూరు ఆఫర్: హైదరాబాద్‌లో ఏడాదికి 15 లక్షల నుంచి అక్కడ 18 లక్షలైనా నెలాఖరుకు మిగిలేది పెరగట్లేదా?

మీరు పోల్చింది సీటీసీలను, అంటే కంపెనీకి మీపై ఏడాదికయ్యే మొత్తం ఖర్చును. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అన్నీ అందులోనే ఉంటాయి.

1. రెండు ఆఫర్లలోనూ నెలనెలా చేతికొచ్చేదే రాసుకోండి. ప్రొఫెషనల్ ట్యాక్స్ రెండుచోట్లా నెలకు సుమారు 200, దాన్ని వదిలేయండి.

2. హైదరాబాద్ కొండాపూర్‌లాంటి చోటి అద్దెకు సాటిగా, బెంగళూరులో ఆఫీసుకు అంతే సేపట్లో చేరే ఏరియా అద్దె చూడండి. కిలోమీటర్లు చూసి మోసపోకండి.

3. చాలామంది మరిచేది అడ్వాన్సు. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె. బెంగళూరులో ఐదారు, కొందరు ఓనర్లు పది కూడా అడుగుతారు. 30,000 అద్దెకు ఆరు నెలలంటే 1,80,000 వడ్డీ లేకుండా ఇరుక్కుంటుంది. పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసేస్తారు. 11 నెలలకే ఇల్లు మారితే అది నెలకు దాదాపు 2,700 అదనం. సంతకానికి ముందే అగ్రిమెంటులో ఆ క్లాజు చూసి బేరమాడండి.