ఒకే జబ్బు కొందరికి తేలిగ్గా తగ్గి, కొందరికి ముదిరిపోతుందేం? జీన్స్ వల్లా, అలవాట్ల వల్లా?

ఈ రెండే ఎందుకు? ఇంట్లో జబ్బు పడే హక్కు ఎవరికుందో అది కూడా చూడాలి. నన్నడిగితే ముందు అదే చూడాలి.

డబ్బు లేకే ఇదంతా అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలుపెట్టారు. అందరివీ నిలకడైన ఉద్యోగాలే, తిండికి లేనివాళ్లు కారు. అయినా అట్టడుగు హోదాలోని మగవాళ్లు గుండెజబ్బుతో చనిపోవడం పై అధికారుల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కేసినా ఆ తేడాలో కొంతే తేలింది. 1985లో మొదలైన రెండో విడతలో ఆడవాళ్లనీ చేర్చారు. ఇంట్లో తన మాట చెల్లని ఆడవాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో బయటపడింది. మగవాళ్లలో అలా కనిపించలేదు. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు, మా పిన్నిని చూశాను కాబట్టి.

మెట్లెక్కితే ఆయాసం, వికారం, భుజాల మధ్య పట్టేసినట్టు ఉండేది ఆవిడకి. బాబాయికి జలుబు చేస్తే ఇంట్లో టీవీ కూడా మోగకూడదు. పిన్ని మాత్రం "పిల్లాడి పరీక్షలు అయ్యాక చూపించుకుంటాలే" అనేది. సరే అనేవాళ్లు. ఒకరోజు చెమటలు పట్టి కూలబడితే అప్పుడు తీసుకెళ్లాం. డాక్టరుగారు ఎదురుగా కూర్చున్న పిన్నిని వదిలేసి, వెనక నిలబడ్డ బాబాయిని అడిగారు, "ఈవిడకి ఎప్పట్నుంచి ఇలా?" అని. "పొద్దున్నుంచేనండి" అన్నాడు బాబాయి. ఆయనకు తెలిసింది అంతే మరి! టెన్షన్ అని తేల్చి నిద్రమాత్రలు రాసిచ్చారు. మర్నాడు ఇంకో డాక్టరు ఈసీజీ తీయిస్తే గుండెపోటని తేలింది. ఆడవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి పెద్దగా లేకుండా, ఆయాసంగా, వికారంగా వస్తుందని వైద్యులకి తెలియని సంగతేం కాదు.

అన్నట్టు, పేషెంటుని పక్కన పెట్టుకుని పక్కవాళ్లని అడగడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముసలివాళ్లకీ ఇదే మర్యాద. మాట పడిపోయింది అనుకుంటారో ఏమో.

డిశ్చార్జి కాగితం మీద "పూర్తి విశ్రాంతి" అని రాశారు. ఇంటి పని ఎవరు చేయాలో రాయలేదు. మందుల పేర్ల కింద బాబాయి పేరు కూడా రాసి, రోజుకి మూడు పూటలా అని పెట్టాల్సింది.