అనుసంధానం తగ్గిందంటే డిమెన్షియా ఖాయమని కాదు

మీ అమ్మగారి ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనితీరును చూసే స్కానింగ్) నివేదికలో డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ (విశ్రాంతిగా ఉన్నప్పుడు కలిసి పనిచేసే మెదడు భాగాల సముదాయం) అనుసంధానం తగ్గిందని రాశారని, అది డిమెన్షియాకు సూచనేనా అని అడిగారు. ఆ ఒక్క మాటను బట్టి నిర్ధారణకు రాలేము. ఈ పరీక్ష నాడీకణాల మధ్య తీగలను చూపదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు మెదడులోని వేర్వేరు భాగాలలో రక్తపు ఆక్సిజన్ స్థాయి ఎంతవరకు కలిసి పెరిగి తగ్గుతుందో మాత్రమే కొలుస్తుంది. డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ జబ్బు ఉన్నవారిలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కు, ఈ నెట్‌వర్క్‌లో ముఖ్య కేంద్రమైన వెనుక సింగులేట్ భాగానికి మధ్య ఈ పొందిక తగ్గడం నిజమే గాని, అది ఎక్కువమందిని కలిపి చూసిన సగటులో కనిపించే తేడా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వారిలోనూ కొంత తగ్గుతుంది, జబ్బు ముప్పు ఉన్న తొలిదశలో కొందరిలో పెరుగుతుంది కూడా. స్కానింగ్‌లో తల కాస్త కదిలినా, కునుకు పట్టినా అంకెలు మారిపోతాయి. ముందుగా నాడీవైద్యుల వద్ద జ్ఞాపకశక్తి పరీక్షలతోపాటు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. కుంగుబాటు, వినికిడి లోపం ఉంటే, నిద్రమాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.