పరగడుపు షుగర్ పెరుగుతోందని రాత్రి ఇన్సులిన్ డోసు పెంచవచ్చా?

మీ నాన్నగారికి అరవై రెండేళ్ళని, రాత్రి ఎనిమిదింటికి భోజనానికి ముందు 30/70 ఇన్సులిన్ (రెండు రకాల ఇన్సులిన్ కలిపినది) 22 యూనిట్లు తీసుకుంటున్నారని, పడుకునేటప్పుడు 140 దగ్గర ఉన్న షుగర్ తెల్లవారేసరికి 190, ఒక్కోరోజు 210 దాకా పోతోందని, రాత్రి డోసు ఇంకో నాలుగు యూనిట్లు పెంచవచ్చా అని మీరు అడిగారు. నేను డాక్టరును కాను. పందొమ్మిదేళ్ళుగా టైప్ 2 షుగర్‌తో, అందులో పదకొండేళ్ళుగా ఇన్సులిన్‌తో నెట్టుకొస్తున్నవాణ్ణి. సరిగ్గా ఇదే పరిస్థితిలో, ఇదే ఆలోచనతో, ఎవరినీ అడగకుండా డోసు పెంచుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. అందుకే మీరు ఆ నాలుగు యూనిట్లు పెంచకముందే ఇది మీ కంటబడాలని రాస్తున్నాను.

అప్పట్లో నేనూ రాత్రి భోజనానికి ముందు 30/70 ఇన్సులినే 20 యూనిట్లు తీసుకునేవాణ్ణి. పరగడుపున ఎప్పుడు చూసినా 185కు తగ్గేది కాదు. రాత్రి అన్నం మాని రెండు పుల్కాలకు వచ్చినా అంకె కదలలేదు. తిండి తగ్గించినా దిగలేదంటే మందు చాలడం లేదని నాకు నేనే లెక్క కట్టుకుని, వారం రోజుల్లో రెండేసి యూనిట్ల చొప్పున 26 దాకా తీసుకుపోయాను. 26 తీసుకున్న రెండో రాత్రి, మూడు గంటలు కావస్తుండగా నా భార్య నన్ను కుదిపి లేపింది. "ఏవండీ, ఫ్యాను తిరుగుతూనే ఉంది, బనీను పిండితే నీళ్ళు కారేలా ఉందేమిటి" అంటోంది. ఆమె మాట వినబడుతూనే ఉంది గాని దానికి జవాబు చెప్పాలని నాకు తోచలేదు. స్ట్రిప్పును మీటరులో పెట్టబోతే చేతులు వణికి అది కింద పడిపోయింది. చివరికి ఆమే నా వేలు పొడిచి చూసింది. 48 ఉంది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి చూస్తే 66 చూపించింది. మళ్ళీ అంతే తాగాక గాని 90 దాటలేదు. 70 కంటే తగ్గితే జాగ్రత్త పడాలని, 54 కంటే తగ్గితే మెదడుకు చక్కెర చాలక మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉంటుందని నాకు అంతకుముందే తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి మెలకువ రాలేదు. ఆమె పక్కన లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

ఆ పొద్దున షుగర్ 224 ఉంది. పంచదార తాగాను గనుక ఆ అంకెను లెక్కలోకి తీసుకోనక్కరలేదు. కానీ అంతకు ముందు రోజు, అంటే 26 యూనిట్లు తీసుకున్న మొదటి రాత్రి తర్వాత కూడా, పరగడుపున 181 ఉన్నట్టు నా పుస్తకంలో రాసి ఉంది. ఆరు యూనిట్లు పెంచినా తెల్లవారుజాముకు అందింది దాదాపు ఏమీ లేదు. ఆ బలమంతా నడిరాత్రి మీద పడింది.

ఎందుకలా అయిందో మా డాక్టరుగారు మందుల చీటీ వెనక రెండు గీతలు గీసి చూపించారు. 30/70 ఇన్సులిన్‌లో 30 పాళ్ళు త్వరగా పనిచేసి రాత్రి భోజనాన్ని చూసుకుంటాయి. మిగిలిన 70 పాళ్ళు ఎన్‌పీహెచ్ అనే, పాలలా తెల్లగా కనిపించే ఇన్సులిన్. అది సూది వేసిన నాలుగు గంటల నుంచి పది గంటల లోపు ఎప్పుడో ఒకప్పుడు ఉద్ధృతంగా పనిచేసి, ఆ తర్వాత మెల్లగా బలం తగ్గుతుంది. ఎనిమిదింటికి వేసుకుంటే చాలామందికి ఆ ఉద్ధృతి అర్ధరాత్రికీ మూడింటికీ మధ్య వస్తుంది. ఇది మొదటి గీత. రెండో గీత శరీరానిది. తెల్లవారుజామున సుమారు మూడింటి నుంచి కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటివి మనిషిని లేవడానికి సిద్ధం చేస్తూ, కాలేయం నుంచి చక్కెరను రక్తంలోకి విడుదల చేయిస్తాయి. షుగర్ లేనివారిలో క్లోమం ఆ సమయానికి మరికాస్త ఇన్సులిన్ వదిలి సరిపెడుతుంది. మనలో అది జరగదు. దీన్నే డాన్ ఫినామినన్ అంటారు, 1981 నాటికే వైద్య పత్రికల్లో ఈ పేరు ఉంది. ఒక గీత పైకి లేచే వేళకు రెండోది కిందికి దిగుతోంది. డోసు పెంచితే ఇన్సులిన్ గీత ఎత్తు పెరుగుతుంది తప్ప, అది పనిచేసే వేళ తెల్లవారుజాముకు జరగదు.

మీకు ఎవరైనా ఇంకో మాట కూడా చెప్పి ఉండవచ్చు. రాత్రి షుగర్ పడిపోతే శరీరం ఎదురుతిరిగి పొద్దునకు పెంచేస్తుందని, కాబట్టి పరగడుపున ఎక్కువ ఉంటే డోసు తగ్గించాలని అంటారు. సెయింట్ లూయిస్‌లో పనిచేసిన మైకేల్ సొమోజి అనే శాస్త్రవేత్త 1930లలో చెప్పిన సిద్ధాంతం అది. చర్మానికి అతికించుకునే సెన్సర్లు వచ్చి రాత్రంతా కొలవడం మొదలయ్యాక, రాత్రి షుగర్ పడిపోయినవారికి పొద్దున కూడా సాధారణంగా తక్కువే ఉంటోందని తేలింది. కనుక పొద్దుటి అంకె ఒక్కటే చూసి పెంచడం ఎంత తప్పో, తగ్గించడమూ అంతే తప్పని నా అభిప్రాయం.

చూడవలసింది మూడు గంటల అంకె. మా డాక్టరుగారు డోసు తిరిగి 20కి దించి, మూడు రాత్రులు ఒకే వేళకు ఒకే రకం భోజనం చేయించి, పడుకునేటప్పుడు, తెల్లవారుజామున మూడింటికి, లేచిన వెంటనే, మూడు సార్లు చూడమన్నారు. అలారం పెట్టుకుని లేచాం. మొదటి రాత్రి 138, 121, 192. రెండో రాత్రి 146, 118, 188. మూడో రాత్రి 131, 109, 185. మూడింటి దాకా మెల్లగా దిగి, అక్కడి నుంచి ఒక్కసారిగా ఎగబాకింది. ఇదే మూడింటికి 75 ఉండి ఉంటే డోసు పెంచే మాటే ఉండకూడదని, మూడింటికే 190 ఉండి ఉంటే డోసు చాలడం లేదనో, రాత్రి తిన్నది ఆలస్యంగా అరుగుతోందనో అనుకోవాలని ఆయన వివరించారు. పడుకునేటప్పుడే 220 ఉంటే అది తెల్లవారుజాము సమస్యే కాదు, భోజనం సమస్య. మీ నాన్నగారికి పడుకునేటప్పుడు 140 ఉంటోందని రాశారు గనుక ఆ సందేహం చాలావరకు లేదు. మధ్యలో ఏం జరుగుతోందో మాత్రం మీకు ఇంకా తెలియదు.

నాకు చేసిన మార్పు ఇది. రాత్రి 30/70 పూర్తిగా ఆపేసి, భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ 6 యూనిట్లు, పడుకోబోయే ముందు పదిన్నరకు ఎన్‌పీహెచ్ విడిగా 12 యూనిట్లు ఇచ్చారు. కలిపితే 18, అంటే పాత డోసు కన్నా రెండు తక్కువ. అయినా వారానికల్లా పరగడుపు షుగర్ 150లలోకి వచ్చింది, ఎందుకంటే ఎన్‌పీహెచ్ ఉద్ధృతి నడిరాత్రి నుంచి తెల్లవారుజాముకు జరిగింది. తర్వాత 14కి పెంచాక 115 నుంచి 130 మధ్య నిలబడింది. ఆ పెంపు కూడా ఆయన చెప్పిన పద్ధతిలోనే జరిగింది. ఒక్కసారికి రెండు యూనిట్లకు మించి పెంచకూడదు, కనీసం మూడు రోజుల అంకెలు చూడకుండా మళ్ళీ ముట్టుకోకూడదు, 70 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పి పదో వంతు నుంచి ఐదో వంతు దాకా తగ్గించాలి. నాలుగేళ్ళ తర్వాత నన్ను గ్లార్జిన్ అనే ఇంకో రకం ఇన్సులిన్‌కు మార్చారు. దానికి ఎన్‌పీహెచ్‌లాంటి ఉద్ధృతి లేదు, దాదాపు రోజంతా ఒకే తీరుగా పనిచేస్తుంది. దాని గురించి చెప్పవలసింది ఒక్కటే. అలాంటి ఇన్సులిన్ వాడుతూ రాత్రి పడుకున్నప్పటికీ పొద్దుటికీ మధ్య 50కి మించి దిగిపోతుంటే, అది భోజనం పనిని కూడా నెత్తినేసుకుందని అర్థం, ఇక దాన్ని పెంచకూడదు.

డోసు మార్చే ముందు సూది వేసే తీరు కూడా ఒకసారి చూడండి. పాలలాంటి ఇన్సులిన్ అడుగున పేరుకుంటుంది. దాన్ని కుదపకుండా, అరచేతుల మధ్య దొర్లిస్తూ తలకిందులు చేస్తూ ఇరవై సార్లు కలపాలి. ఆరేడు సార్లతో సరిపెట్టిన రోజుల్లో నా అంకెలకు ఒక తీరంటూ ఉండేది కాదు. నా బొడ్డుకు కుడిపక్కన ఏళ్ళ తరబడి ఒకేచోట పొడిచి పొడిచి రేగిపండంత గట్టి గడ్డ తయారైంది. అక్కడ నొప్పి తెలియదని అక్కడే వేసుకునేవాణ్ణి, కానీ అలాంటి చోట మందు సరిగా ఒంటబట్టదు. మీ నాన్నగారి పొట్టను వేళ్ళతో తడిమి చూడండి. గడ్డ ఉంటే చోటు మార్చాలి, అయితే మార్చిన చోట అదే డోసు ఎక్కువగా పనిచేస్తుంది గనుక ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మన మందుల షాపుల్లో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నులో వేసేది 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40ది, నారింజ రంగు మూతది 100ది. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో పది గీతల దాకా తీస్తే, ఒంట్లోకి పోయేది పది కాదు, ఇరవై ఐదు.

కొలిచే వేళ కూడా ఒకటే ఉండాలి. ఒకసారి నేను ఐదుంబావుకు లేచిన వెంటనే చూస్తే 128 ఉంది. పాలు తెచ్చి, మొక్కలకు నీళ్ళు పోసి, పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా ఏడున్నరకు చూస్తే 161 అయింది. మీరు కొలుస్తున్నది ఎన్నింటికో రాయలేదు. కార్తీక సోమవారం లాంటి ఉపవాసం రోజున, రాత్రి భోజనం లేనప్పుడు, 30/70 డోసు మామూలుగా వేయకూడదు. అందులోని 30 పాళ్ళు చూసుకోవలసిన భోజనమే ఆ రోజు ఉండదు.

చివరగా మీ నాన్నగారి విషయం. మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో ఆయన క్రియాటినిన్ ఎంత ఉందో చూడండి, మూత్రపిండాలు మందగిస్తే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడుతుంటే షుగర్ పడిపోయినప్పుడు వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే గుర్తుగా మిగలవచ్చు. ఈ రెండూ ఉన్నవారికి పరగడుపున 130 లోపే ఉండాలని పట్టుబట్టకుండా, డాక్టర్లు కొంచెం ఎక్కువ అంకెనే సరిపెడతారు. ఇవాళ్టి నుంచి మూడు రాత్రులు 22 యూనిట్లే ఉంచి, ఒక్క యూనిట్ కూడా పెంచకుండా, పడుకునేటప్పటి అంకె, మూడింటి అంకె, లేచిన వెంటనే అంకె రాయండి. మంచం పక్కన గ్లూకోజ్ పొడో పంచదారో ఒక గిన్నెలో ఉంచి, మూడింటికి 70 కంటే తక్కువ కనబడితే వెంటనే మూడు చెంచాలు ఇచ్చి పావుగంటకు మళ్ళీ చూడండి, ఆ పొద్దునే డాక్టరుకు ఫోను చేయండి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. అంకెలు మామూలుగా ఉంటే, మూడు రాత్రులవీ తొమ్మిది అంకెలూ, భోజనం వేళలూ, సూది వేసిన వేళలూ ఒకే కాగితం మీద రాసి తీసుకువెళ్ళి, డోసు పెంచాలా అని కాకుండా, రాత్రి ఇన్సులిన్‌ను రెండుగా విడదీసి పడుకునే వేళకు జరపవచ్చా అని అడగండి.