నాలుగు వర్గమూలం దగ్గర ఆగి చూడు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పదో తరగతికి లెక్కలు చెబుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. శిక్షణల్లో బోధన పద్ధతులే చెబుతున్నారు, గణితంలో నా లోతు పెరగాలంటే ఎమ్మెస్సీ పుస్తకాలు మళ్లీ తెరవాలా అని అడిగావు. తెరువు, మంచిదే. అంతకంటే ముందు, రేపు చెప్పబోయే పాఠాన్నే తవ్వు తల్లీ.

√2 కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేనిది, అని నిరూపిస్తాం కదా. అది ఉమ్మడి కారణాంకం లేని భిన్నమే అనుకుని, లవాన్నీ హారాన్నీ కూడా 2 భాగిస్తుందని చూపి, కుదరదంటాం. ఏళ్ల తరబడి నేను దాన్ని అప్పజెప్పినట్టే చెప్పాను. ఒకరోజు వెనక బెంచీ కుర్రవాడు లేచి, "2 బదులు 4 పెడితే √4 కూడా కరణీయమే కావాలి కదండీ?" అన్నాడు. రేపు చెబుతానని ఇంటికొచ్చి కూర్చున్నాను. లవం వర్గాన్ని 2 భాగిస్తే లవాన్నీ భాగిస్తుంది అంటామే, 4 విషయంలో ఆ మాట నిలవదు. 2 వర్గాన్ని 4 భాగిస్తుంది, 2ను భాగించదు. అయితే ప్రధాన సంఖ్య కావడమే కీలకమా? 6 ప్రధాన సంఖ్య కాదు, అయినా నిరూపణ నడుస్తుంది. 12తో నడవదు, కానీ √12 కరణీయమే! చివరికి కారణాంకాలు లెక్కపెట్టాను. ఏ వర్గ సంఖ్యలోనైనా ప్రతి ప్రధాన కారణాంకం సరి సార్లు వస్తుంది. 12లో 3 ఒక్కసారే ఉంది. √12ను భిన్నం అనుకుని, లవం వర్గం, హారం వర్గానికి 12 రెట్లు అన్నామంటే ఒకవైపు 3 సరి సార్లు, రెండోవైపు బేసి సార్లు వస్తుంది. ఏ సంఖ్యనైనా ప్రధాన కారణాంకాలుగా ఒక్క విధంగానే విడగొట్టగలం అనే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం దాన్ని ఒప్పుకోదు. ఆ సిద్ధాంతం అదే అధ్యాయం మొదట్లో ఉంది. అన్నాళ్లూ గసాభా, కసాగులకు వాడి వదిలేశాను.

ఇలాంటి ప్రశ్నలకు ఒక నోటుపుస్తకం పెట్టుకో. జవాబు ఫోనులో వెతక్కుండా రెండు మూడు రోజులు మోయి. తెలియకపోవడం ఎలా ఉంటుందో పిల్లలకు రోజూ అనుభవమే, మనమే మరిచిపోతాం. బడిలో మరో లెక్కల టీచరు ఉంటే కలిసి కూర్చోండి.

ఆదివారం ఆర్కే బీచ్‌కు వెళ్లినప్పుడు సముద్రం ఆకాశాన్ని కలిసినట్టు కనిపించే అంచు చూడు. నీ కంటి నుంచి అక్కడికి పోయే చూపు భూగోళానికి స్పర్శరేఖ. కన్ను నీటికి 1.6 మీటర్ల ఎత్తున ఉందనుకుని, భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని పైథాగరస్ సిద్ధాంతం వాడితే ఆ అంచు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరం. ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలే అవుతుంది. ఎందుకో కైలాసగిరి ఎక్కేలోపు తేల్చు.

రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకవుతుందో, ఏడో తరగతి పాపకు చెప్పినట్టు నీ మాటల్లో రాసి పంపు. నేనూ రాసి ఉంచుతాను.

మీ లెక్కల మాస్టారు